చలికాలం సైకిల్ మీద పాదాలు మొద్దుబారకుండా: మైనస్ 5 నుంచి మైనస్ 25 వరకు ఏం వేసుకోవాలి, ఎందుకు

కృష్ణాతీరం (మినియాపోలిస్)
అందరికీ నమస్తే. ఇంటి నుంచి ఆఫీసుకి 9 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ దారి మీదే. దారిలో మంచు ఊడ్చేస్తారు. చేతులకి బార్ మిట్స్ (హ్యాండిల్‌కి తగిలించే చలి తొడుగులు) ఉన్నాయి, ఒంటికి చలి తెలియడం లేదు. ఇబ్బందంతా పాదాలతోనే. మైనస్ 8 దగ్గర ఇరవై నిమిషాలకే బొటనవేలూ చిటికెనవేలూ స్పర్శ తెలియకుండా అయిపోతున్నాయి. ఇప్పుడు వాడుతున్నవి: మెష్ రన్నింగ్ షూ, లోపల రెండు జతల మందపాటి కాటన్ సాక్స్, అల్యూమినియం ప్లాట్‌ఫామ్ (ఫ్లాట్) పెడల్స్, ముందు చక్రానికి పొట్టి మడ్‌గార్డ్. జనవరిలో మైనస్ 20 కూడా చూడాల్సి వస్తుంది. నేరుగా వెళ్ళి ఖరీదైన బూట్లు కొనేసే ముందు ఏది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలని ఉంది.

ఉత్తరగాలి (ఎడ్మంటన్)
కృష్ణాతీరం గారూ, ముందు ఆ రెండో జత సాక్స్ తీసేయండి. ఈరోజే. దీనికి డబ్బు ఖర్చు లేదు, తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

వెచ్చదనం ఇచ్చేది గుడ్డ కాదు, గుడ్డ పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. మామూలు సైజు షూలో రెండు జతలు కుక్కితే ఆ గాలి బయటికి పోతుంది, పైగా పాదం మీద ఒత్తిడి పడి వేళ్ళకి రక్తం అందదు. రెండు నష్టాలూ ఒకేసారి. ఇక కాటన్ చెమటని పీల్చి పట్టుకుంటుంది. నీరు వేడిని మోసుకుపోయే వేగం నిలిచిన గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ. అంటే తడిసిన కాటన్ సాక్స్ వేడిని ఆపడం మానేసి, బయటికి పంపే పని చేస్తుంది.

నడిచేవాడికి అదే షూతో అంత చలి ఎందుకు వేయదు అంటే, నడకలో ప్రతి అడుగుకీ పాదం వంగుతుంది, అరికాలు మీద బరువు పడి లేస్తుంది, వేళ్ళు నేలని పట్టుకుంటాయి. పాదంలోని చిన్న కండరాలన్నీ పనిచేస్తాయి. పెడల్ మీద కష్టమంతా తొడలది, పిక్కలది. పాదం ఒక పలకలా ఊరికే ఉంటుంది, దాని ముందు భాగం మీద ఎప్పుడూ ఒకేచోట ఒత్తిడి. ఆ ఒత్తిడి కింద ఇన్‌సోల్, సాక్స్ రెండూ నలిగి పలచబడతాయి. మొద్దుబారడం వేళ్ళ దగ్గరే మొదలవడానికి ఇదో ముఖ్య కారణం.

గాలి సంగతి. 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే గాలి లేని రోజున కూడా ముందునుంచి 20 కిలోమీటర్ల గాలి వీస్తున్నట్టే. పెడల్ పైకి వచ్చి ముందుకి కదిలేటప్పుడు పాదం సైకిల్ కంటే ఇంకో 5 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది (క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, 170 మి.మీ., నిమిషానికి 80 తిప్పుళ్ళ లెక్క). కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ (గాలి వల్ల చలి ఎంత ఎక్కువ అనిపిస్తుందో చెప్పే లెక్క) సూత్రం ప్రకారం మైనస్ 10లో 20 కిలోమీటర్ల గాలికి అది మైనస్ 18 లాగా ఉంటుంది, మైనస్ 20లో అయితే మైనస్ 30. ఈ లెక్క ముఖం మీద కప్పు లేని చర్మానికి వేసింది. మంచి బూటులో ఉన్న వేలికి నేరుగా వర్తించదు. కానీ మీది మెష్ షూ. గాలి సన్నగా లోపలికి దూరి, వేళ్ళ చుట్టూ ఉన్న వెచ్చటి గాలిని తోసేస్తూనే ఉంటుంది.

కాబట్టి వరుస ఇది: గాలి ఆపాలి, లోపల చోటు ఉండాలి, పొడిగా ఉండాలి, లోహం తగలకూడదు. ఈ నాలుగూ అయ్యాకే వేడి పుట్టించే ప్యాకెట్ల గురించి ఆలోచించండి.

ఓరుగల్లు_పెడల్ (చికాగో)
పెడల్ గురించి నేను చెప్త. అల్యూమినియం పెడల్ తీసేసి నైలాన్ కాంపొజిట్ పెడల్ వేయండి. అల్యూమినియం వేడిని గుంజే గుణం నైలాన్ కంటే వందల రెట్లు ఎక్కువ ఉంటది. రాత్రంతా బయట పెట్టిన సైకిల్ అయితే పెడల్ అప్పటికే గడ్డకట్టి ఉంటది, దాని మీద పలచటి సోల్ పెట్టి అరగంట తొక్కితే అరికాలు నుంచి వేడి పోతనే ఉంటది.

కొనేటప్పుడు వెడల్పు 100 మి.మీ.కి తక్కువ కాకుండ చూడండి, చలికాలం బూటు లావుగ ఉంటది కదా. స్క్రూ లెక్క ఉండే పిన్నులు ఉన్నయి తీసుకోండి, మంచు తడికి బూటు జారదు. బిగించేటప్పుడు ఎడమ పెడల్‌ది ఉల్టా మర, మర్చిపోవద్దు. మరకు గ్రీజు పూయండి. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతరు, గ్రీజు లేకుంటే వసంతకాలంల విప్పుదామంటే రాదు.

ఫ్లాట్ పెడల్‌తో ఇంకో లాభం ఉన్నది. పాదాన్ని రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరిపి, నడి పాదంతో తొక్కొచ్చు. ఒకే చోట ఒత్తిడి పడకుండ మధ్య మధ్యల మార్చుకుంటుంటే వేళ్ళకు రక్తం బాగా అందుతది.

ఉన్నిదారం (టొరంటో)
బూట్ల గురించి నా వంతు. మైనస్ 20 వరకు ఆఫీసుకి 35 నిమిషాల ప్రయాణం అంటే సైకిల్ బూట్లే కావాలని లేదు. ఫ్లాట్ పెడల్ మీద మామూలు చలికాలం హైకింగ్ బూట్లు చక్కగా సరిపోతాయి. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

సైజు: మామూలు కంటే ఒకటి, పాదం వెడల్పయితే ఒకటిన్నర పెద్దది. అసలు వేసుకోబోయే సాక్స్ వేసుకుని, సాయంత్రం పూట షాపుకి వెళ్ళండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకి నెట్టి వేళ్ళు తగిలించండి. అప్పుడు మడమ వెనక ఒక వేలు సులువుగా దూరాలి. తర్వాత లేసులు కట్టి వేళ్ళన్నీ పైకీ కిందికీ ఆడించండి. ఏ వేలైనా పై తోలుకి తగులుతుంటే ఆ బూటు వద్దు, ఎంత మంచి పేరున్నదైనా సరే.

లేసు కట్టే తీరు: కింది మూడు రంధ్రాల దగ్గర వదులుగా ఉంచి, పాదం వంపు దగ్గర లేసుని రెండుసార్లు మెలిపెట్టి బిగించండి. ఆ మెలిక దగ్గర బిగువు ఆగిపోతుంది. చీలమండ దగ్గర గట్టిగా, వేళ్ళ మీద వదులుగా కావాలి. అంతా ఒకే బిగువుతో లాగేస్తే పాదం పైనున్న రక్తనాళాలు నొక్కుకుంటాయి.

ఇన్‌సోల్: బూటుతో వచ్చిన స్పాంజి ఇన్‌సోల్ తీసి, దాన్ని అచ్చుగా పెట్టి 5 లేదా 6 మి.మీ. ఉన్ని ఫెల్ట్ కత్తిరించండి. అరికాలి కింద సాక్స్ ఎలాగూ నలిగిపోతుంది కాబట్టి అక్కడ చలిని ఆపాల్సింది ఇన్‌సోలే. ఫెల్ట్ అంత తొందరగా నలగదు. అది వేశాక చోటు తగ్గిందేమో మళ్ళీ వేళ్ళు ఆడించి చూసుకోండి.

సాక్స్: మెరినో ఉన్ని, పిక్క సగం వరకు వచ్చేది, ఒక్క జత. చీలమండ దగ్గర ప్యాంటుకీ బూటుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. అక్కడ చర్మం పలచన, రక్తనాళాలు పైపైనే ఉంటాయి, పాదానికి వెళ్ళే రక్తం ఆ దారినే పోవాలి. దాన్ని గాలికి వదిలేసి కింద ఎంత మందం వేసినా లాభం లేదు.

గోదారోడు (ఓస్లో)
ఉన్నిదారం గారు చెప్పినవన్నీ నిజమేనండి. నేనొకటి కలుపుతాను. మైనస్ 10 కంటే కిందికి వెళ్తే సాక్స్ మీద బ్రెడ్డు కవర్ తొడిగి బూటు వేసుకోండి. గాలి అస్సలు దూరదు. రూపాయి ఖర్చు లేదు.

ఉత్తరగాలి (ఎడ్మంటన్)
గోదారోడు గారూ, మైనస్ 10 కింద కవర్ సాక్స్ పైన వేస్తే ఎదురు తిరుగుతుంది. పాదం చెమట ఆవిరి సాక్స్ దాటి వచ్చి చల్లటి కవర్‌కి తగిలి నీరవుతుంది. ఆ నీరంతా ఉన్నిలోకే ఇంకుతుంది. అరగంట ప్రయాణంలో తెలియకపోవచ్చు, రెండు గంటల్లో బాగా తెలుస్తుంది. ఆ చలిలో కవర్ సాక్స్ లోపల ఉండాలి.

వరుస: చర్మం మీద పలచటి సింథటిక్ లైనర్ సాక్స్. దాని మీద కవర్. కవర్ మీద మందపాటి ఉన్ని సాక్స్. ఆపైన బూటు. చెమట కవర్ లోపలే ఆగిపోతుంది, లైనర్ చెమ్మగిల్లుతుంది, ఉన్ని మాత్రం పొడిగా ఉంటుంది. లోపల తేమ నిండాక కొత్త చెమట ఆవిరయ్యే వీలు తగ్గుతుంది, ఆవిరి మోసుకుపోయే వేడి కూడా మిగులుతుంది. మిన్నెసోటాలో ఇంటర్నేషనల్ ఫాల్స్ దగ్గర జనవరి చివర్లో జరిగే యారోహెడ్ 135 లాంటి 217 కిలోమీటర్ల పోటీల్లో చలికి తట్టుకోవడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి.

చేసేటప్పుడు జాగ్రత్తలు. కవర్ పలచగా, మెత్తగా ఉండాలి, గాలి రంధ్రాలు ఉండకూడదు (కూరగాయల కవర్లకి చాలావాటికి రంధ్రాలుంటాయి). ముందు నీళ్ళు పోసి కారుతుందేమో చూడండి. పొడవు చీలమండ దాటి నాలుగు వేళ్ళు పైకి రావాలి. వేళ్ళ దగ్గర ముడతలు ఉంటే ఒత్తుకుని పుండు పడుతుంది, కాబట్టి కవర్ మూలలు వెనక్కి మడిచి సర్దండి. రబ్బరు బ్యాండు వేయొద్దు, రక్తం ఆగుతుంది. ఆఫీసుకి చేరగానే కవర్, లైనర్ తీసేసి పాదం తుడుచుకుని పొడి సాక్స్ వేసుకోవాలి. రోజంతా అలాగే ఉంచితే చర్మం నాని తెల్లగా ముడతలు పడి, ఊడి వస్తుంది.

గోదారోడు (ఓస్లో)
అయితే మనిద్దరం వేర్వేరు చలి గురించి మాట్లాడుకుంటున్నామండి. నేను చెప్పింది కరిగే మంచు, ఉప్పునీళ్ళు చిమ్మే రోజుల లెక్క. సున్నా నుంచి ప్లస్ 5 వరకు, తడి బయట్నించి వచ్చేటప్పుడు, కవర్ సాక్స్ పైనే ఉండాలి. లోపల కొంచెం చెమట పట్టినా పర్లేదు, బూటులోకి బురదనీళ్ళు రావడం కంటే నయం. పొడి చలిలో తడి వచ్చేది మన పాదం నుంచే, కాబట్టి మీరన్నట్టు లోపల వేయాలి. మైనస్ 10 అని నేను రాసినచోట మీ మాటే సరి.

ఉత్తరగాలి (ఎడ్మంటన్)
అవును, తడి ఎటువైపు నుంచి వస్తుందో చూసి, కవర్ ఆ వైపు అడ్డం పెట్టాలి. సున్నాకీ మైనస్ 10కీ మధ్య పొడి రోజున అసలు కవరే అక్కర్లేదు, బూటు, ఉన్ని చాలు.

తడి గురించి మాట వచ్చింది కాబట్టి కృష్ణాతీరం గారి పొట్టి మడ్‌గార్డ్ సంగతి ఎవరైనా చెప్పాలి. అది చిన్న విషయం కాదు.

తూర్పుకనుమ (పోర్ట్‌లాండ్)
నేను చెప్తాను. మా ఊళ్ళో మంచు తక్కువ, 3 డిగ్రీల వాన ఎక్కువ. ఆ వానలో పాదాలు తడిసేది ఆకాశం నుంచి పడే చినుకులకంటే ముందు చక్రం చిమ్మే నీళ్ళతోనే ఎక్కువ. చక్రం అడుగు నుంచి ఎగిరిన నీళ్ళు సూటిగా బూటు ముందు భాగానికి కొడతాయి. మడ్‌గార్డ్ క్రాంకు ఎత్తు దగ్గర ఆగిపోతే ఆ ధార అడ్డులేకుండా పాదాల మీదికే వస్తుంది.

మడ్‌గార్డ్ చివర ఫ్లాప్ వేలాడదీయండి. కింది అంచు నేలకి 7 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. వెడల్పు మడ్‌గార్డ్ కంటే ఎక్కువ, కింద 12 సెంటీమీటర్ల దాకా విప్పారితే రెండు బూట్లకీ నీడ దొరుకుతుంది. మెటీరియల్ పాత రబ్బరు షీటు, లేదా పెద్ద షాంపూ డబ్బా పక్క ముక్క. ప్లాస్టిక్ డబ్బాలు గట్టి చలిలో పెళుసుగా విరుగుతాయి, మీ ఊరికైతే రబ్బరే మంచిది. రెండు రంధ్రాలు వేసి, ఎం5 బోల్టు, రెండువైపులా వెడల్పాటి వాషరు, నైలాన్ లాక్ నట్టుతో బిగించండి. ఒకే బోల్టు వేస్తే ఫ్లాప్ తిరిగి చక్రానికి రాసుకుంటుంది. బోల్టు తల చక్రం వైపు, నట్టు బయటికి రావాలి. తిరగేసి పెడితే టైరుకీ బోల్టు చివరకీ మధ్య మంచు పేరుకుంటుంది.

టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య కనీసం 10 మి.మీ. సందు ఉంచండి, మేకుల టైర్లయితే ఇంకాస్త. తడిమంచు అందులో ఇరుక్కుని గడ్డకడితే చక్రం ఆగిపోతుంది.

కృష్ణాతీరం (మినియాపోలిస్)
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో సైకిల్‌కి ఎస్‌పీడీ క్లీట్ పెడల్స్ (షూ అడుగున ఉండే క్లీట్ అనే లోహపు ముక్క పెడల్‌లో ఇరుక్కునే రకం) ఉన్నాయి, వారాంతాల్లో లాంగ్ రైడ్‌కి అదే. మైనస్ 5 వరకైనా ఆ షూతో నెట్టుకురావచ్చా? కవర్ల మాట కాకుండా, షూకే ఏమైనా చేయొచ్చా?

ఉన్నిదారం (టొరంటో)
చేయొచ్చు, ఓ గంట పని. షూ కింద క్లీట్ స్టీలు, దానికి బోల్టులు స్టీలు, లోపల ఇన్‌సోల్ కింద పలక స్టీలు. ఇవి ఒకదానికొకటి తగులుతూ సరిగ్గా పాదం బంతి (వేళ్ళ వెనకుండే ఉబ్బు భాగం) కిందే ఉంటాయి. ఆపైన వేసవి షూ అయితే సోల్‌లో గాలి రంధ్రాలు కూడా.

ముందు క్లీట్ చుట్టూ మార్కరుతో గీత గీయండి, మళ్ళీ అదే చోట పెట్టాలి కదా, లేకపోతే మోకాలికి తేడా తెలుస్తుంది. 4 మి.మీ. ఎలెన్ కీతో బోల్టులు విప్పండి. బోల్టు తలలో ఇసుక ఉంటే సూదితో తీశాకే కీ పెట్టండి, లేకపోతే తల అరిగి బోల్టు రాదు. మరలు శుభ్రం చేసి గ్రీజు పూసి మళ్ళీ 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించండి. ఇప్పుడు ఇన్‌సోల్ తీసి, లోపలి పలక చుట్టూ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పలక మీదా, దాని చుట్టూ ఉన్న పొడవాటి సందుల మీదా డక్ట్ టేపు రెండు పొరలు. సోల్‌లో గాలి రంధ్రాలుంటే వాటినీ లోపలి నుంచే మూయండి, బయట అంటిస్తే నడకకి ఊడిపోతుంది. టేపు మీద 2 మి.మీ. కార్క్ షీటు, ఆపైన ఇన్‌సోల్. కార్క్ వల్ల షూ బిగుతైతే కార్క్ మానేయండి. చోటు ముఖ్యమని మొదటే అనుకున్నాం.

బయట నియోప్రీన్ (రబ్బరు లాంటి మెత్తటి గుడ్డ) ఓవర్‌షూ, అంటే షూ మీద తొడిగేది, 3 మి.మీ. చాలు. షూ సైజుకి సరిగ్గా ఉన్నది కాకుండా ఒక సైజు పెద్దది తీసుకోండి. బిగుతుగా సాగదీసి తొడిగితే అది షూ మొత్తాన్నీ నొక్కి వేళ్ళని పిండుతుంది, జిప్పు కూడా తొందరగా పోతుంది. అడుగున క్లీట్ రంధ్రం అంచులు ముందు చిరుగుతాయి, వాడకముందే అక్కడ షూ జిగురు పలచగా పూసి ఒక రాత్రి ఆరబెట్టండి.

ఇంత చేసినా ఈ షూ మీద మైనస్ 5 దాటి గంటకి మించి ఆశ పెట్టుకోవద్దు. అందులో చోటు లేదు, ఇక చేయగలిగింది లేదు. ఇంకా కిందికి వెళ్తే చలికాలపు క్లీట్ బూటు, అదీ ఒకటిన్నర సైజు పెద్దది.

ఓరుగల్లు_పెడల్ (చికాగో)
దిగి మంచుల నడిస్తే క్లీట్ గాడిల మంచు ఇరుక్కుని ఐసు అయితది, మళ్ళ పెడల్‌ల పడదు. మెత్తటి మంచు ఉన్న రోజు క్లీట్ మాట మర్చిపోయి ఫ్లాట్ పెడల్ సైకిలే తీయండి.

డాక్టర్_అనంత (డల్లాస్)
సైకిల్ సంగతి మీకే బాగా తెలుసు. పాదం గురించి నేను కొంచెం రాస్తాను, దయచేసి ఎవరూ దాటవేయకండి.

చలికి వేళ్ళు నొప్పి పెట్టడం ఒక దశ. నొప్పి తగ్గి ఏమీ తెలియకపోవడం తర్వాతి దశ. "అలవాటైపోయింది, ఇప్పుడు నొప్పి లేదు" అనుకునేది సరిగ్గా ఇక్కడే, ఆగాల్సింది కూడా ఇక్కడే. విండ్ చిల్ మైనస్ 28 కంటే దిగితే కప్పు లేని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిక. తడిసిన సాక్స్‌లో ఉన్న వేలికీ పెద్ద రక్షణ ఉన్నట్టు కాదు.

మొద్దుబారిందని తెలియగానే సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి, మునివేళ్ళ మీద లేస్తూ. ఉత్తరగాలి గారు చెప్పిన కారణమే, పాదం కండరాలు పనిచేస్తే రక్తం వస్తుంది. సూదులు గుచ్చినట్టు అనిపిస్తే రక్తం తిరిగి వస్తున్నట్టే. పది నిమిషాలకీ స్పర్శ రాకపోతే వెచ్చటి చోటికి చేరండి.

లోపలికి వచ్చాక వేలు తెల్లగా లేదా బూడిద రంగులో, మైనంలా గట్టిగా ఉంటే అది మంచు కాటు. రుద్దకండి. మంచుతో అస్సలు రుద్దకండి. హీటరు ముందు, పొయ్యి ముందు పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్ళలో పాదం ముంచి, నీళ్ళు చల్లారకుండా చూసుకోండి, చర్మం మెత్తబడి ఎర్రబడే దాకా. థర్మామీటరు లేకపోతే ఇంకొకరి మోచేతితో చూడండి. మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే మాత్రం కరిగించకండి, ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. బొబ్బలొచ్చినా, రంగు తిరిగి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి.

డయాబెటిస్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు హీట్ ప్యాక్‌లు, కరెంటు సాక్స్ వాడకండి. మన ఇళ్ళలో షుగర్ ఎంత మామూలో తెలుసు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను. చలికి వేళ్ళు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడేవాళ్ళకి రేనాడ్స్ అనే రక్తనాళాల సమస్య ఉండొచ్చు. సిగరెట్ దాన్ని ఇంకా పెంచుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి.

కృష్ణాతీరం (మినియాపోలిస్)
డాక్టరు గారూ, వేళ్ళు ఎర్రగా ఉబ్బి సాయంత్రం విపరీతంగా దురద పెడితే అది కూడా మంచు కాటేనా?

డాక్టర్_అనంత (డల్లాస్)
కాదు. చల్లబడ్డ చర్మాన్ని ఒక్కసారిగా వేడి చేస్తే వచ్చే వాపు అది, గడ్డకట్టకుండానే వస్తుంది, సున్నాకి పైన తడి చలిలో కూడా. రేడియేటరు మీద కాళ్ళు పెట్టే అలవాటు ఉంటే మానేసి, మెల్లగా వెచ్చబడనివ్వండి. మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. చర్మం పగిలితే చూపించుకోవాలి.

తూర్పుకనుమ (పోర్ట్‌లాండ్)
హీట్ ప్యాక్‌ల మాట వచ్చింది కాబట్టి. కాలి వేళ్ళకి అమ్మే ప్యాకెట్లలో ఇనప పొడి, ఉప్పు, బొగ్గు పొడి, తేమ ఉంటాయి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడి అది, దానికి ఆక్సిజన్ కావాలి. "బూటులో పెడితే పనిచేయలేదు" అని ఫిర్యాదు చేసేవాళ్ళు చాలామంది దాన్ని నేరుగా చించి, బిగుతు బూటులో పెట్టి పైన ఓవర్‌షూ తొడుగుతారు. గాలి లేక అది ఆరిపోతుంది. బయల్దేరే పదిహేను నిమిషాల ముందు చించి గాలికి పెట్టండి, వేడెక్కాక సాక్స్ మీద, వేళ్ళ పై వైపు అంటించండి. అరికాలి కింద పెడితే నలిగి గడ్డకడుతుంది, చోటు కూడా తింటుంది. చర్మానికి నేరుగా ఎప్పుడూ వద్దు. చేతులకి అమ్మేవి బూటులో పెట్టకండి, అవి ఎక్కువ గాలి దొరుకుతుందన్న లెక్కతో చేసినవి. మిగిలిన వేడి పోగొట్టుకోకుండా, ఆఫీసుకి చేరగానే గాలి తీసేసిన జిప్ కవర్‌లో బిగించి పెడితే చర్య ఆగిపోతుంది, సాయంత్రం మళ్ళీ వాడొచ్చు.

కరెంటు సాక్స్ అయితే బ్యాటరీ పిక్క దగ్గర ఉంటుంది. దాన్ని ప్యాంటు లోపలికి, ఒంటి వేడి తగిలేలా పెట్టండి, చలికి లిథియం బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. పాదం చల్లబడ్డాక పెద్ద సెట్టింగు పెట్టడం కంటే మొదటి నుంచీ చిన్న సెట్టింగులో నడపడం మంచిది. సున్నా కంటే తక్కువ ఉన్న గరాజులో ఛార్జింగు పెట్టొద్దు, బ్యాటరీ లోపల లిథియం పేరుకుని పాడవుతుంది. ఉతికేటప్పుడు పిండకండి, వేళ్ళ దగ్గర తీగ తెగిపోయేది అక్కడే.

పాలపిట్ట (కాల్గరీ)
నాదొక ప్రశ్న. వెనక సీట్లో మూడేళ్ళ పాపని డేకేర్‌కి తీసుకెళ్ళాలి, ఈ-బైక్, 4 కిలోమీటర్లు. మైనస్ 10 వరకు పర్లేదా?

ఉత్తరగాలి (ఎడ్మంటన్)
పాలపిట్ట అక్కా, తొక్కే మనిషికి పుట్టే వేడి పాపకి పుట్టదు. మీకు చెమట పడుతుంటే పాపకి చలేస్తున్నట్టే లెక్క పెట్టుకోండి. మంచులో ఆడుకునే ఉన్ని లైనింగు బూట్లు, ఒక సైజు పెద్దవి, ఒక్క జత ఉన్ని సాక్స్. సీటు పట్టీలు కాళ్ళ మీద బిగిస్తే రక్తం ఆగుతుంది, పాదం పట్టీ వదులుగా ఉండాలి, కాని పాదం చువ్వల వైపు జారకుండా. నడుము నుంచి పాదాల కింది దాకా గాలి దూరని సంచీ లాంటి కవరు వేయండి, దాని అంచులు, తాళ్ళు చక్రానికి అందకుండా క్లిప్పులు పెట్టండి. దుప్పటి వద్దు, జారి చువ్వల్లో చుట్టుకుంటుంది. మూడేళ్ళ పిల్లలు కాలు మొద్దుబారిందని చెప్పలేరు, దిగగానే సాక్స్ తీసి వేళ్ళు పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే మర్నాటికి ఇంకో పొర, లేదా ఆ రోజు బస్సు.

మీ పాదాలకి: ఈ-బైక్‌లో మోటారు సాయం పెద్దది పెట్టుకుంటే కాళ్ళు తక్కువ పనిచేస్తాయి, గాలి మాత్రం వేగంతో పాటు పెరుగుతుంది. చలి రోజుల్లో ఒక మెట్టు తగ్గించి తొక్కండి.

ఏజెన్సీ_ఘాట్ (విశాఖపట్నం)
మాకు మైనస్‌లు లేవు కానీ డిసెంబరు, జనవరుల్లో లంబసింగి వైపు తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళకి ఇందులో చాలా పనికొస్తాయి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, ఒక్కోసారి ఐదు డిగ్రీల లోపు పడిపోద్ది, పొగమంచు తడి వేరే. ఎక్కేటప్పుడు కాళ్ళు కాలిపోతుంటాయి, సమస్య దిగుడులో. పెడల్ తొక్కం, వేగం 40 దాటుద్ది, చెమట పట్టిన సాక్స్‌కి గాలి కొడుతుంది.

పాత ఉన్ని సాక్స్ ముందు భాగం కోసి షూ మీద వేళ్ళ వరకు తొడగండి, క్లీట్ ఉంటే అడుగున చిన్న గాటు. మెష్ షూ అయితే లోపల సాక్స్‌కీ షూకీ మధ్య వేళ్ళ మీద పాల కవర్ ముక్క లేదా న్యూస్‌పేపరు రెండు మడతలు. ఎక్కడం అయ్యాక పైన టీ తాగేటప్పుడు పొడి సాక్స్ మార్చుకోండి, దిగే ముందు అన్నిటికంటే ఇదే ముఖ్యం.

మనాలీ నుంచి లేహ్ వెళ్ళేవాళ్ళు వాగులు దాటేటప్పుడు షూ, సాక్స్ విప్పి చెప్పులతో దాటండి. మంచు కరిగే నీళ్ళు మధ్యాహ్నానికి పెరుగుతాయి, పొద్దున్నే తక్కువ. తడి సాక్స్‌తో కనుమ ఎక్కితే రోజంతా వేళ్ళు కోలుకోవు.

కృష్ణాతీరం (మినియాపోలిస్)
నైలాన్ పెడల్స్, రబ్బరు ఫ్లాప్, ఒకటిన్నర సైజు పెద్ద బూటు, ఫెల్ట్ ఇన్‌సోల్ తెప్పిస్తున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ఆఫీసులో బూట్లు ఎలా ఆరబెట్టాలి? బూటు లావైతే సైకిల్ సెట్టింగులు ఏమైనా మార్చాలా?

ఉన్నిదారం (టొరంటో)
ఆరబెట్టడానికి: ఇన్‌సోల్ బయటికి తీయండి, అది లోపల ఉంటే కింద తేమ ఎప్పటికీ ఆరదు. న్యూస్‌పేపరు ఉండలు చుట్టి వేళ్ళ దాకా కూరండి, గంట తర్వాత తీసి కొత్తవి పెట్టండి, చెమ్మ ఎక్కువగా లాగేది మొదటి విడతే. తర్వాత చిన్న ఫ్యాను గాలి. హీటరు మీద పెడితే సోల్ జిగురు ఊడుతుంది, తోలు పగులుతుంది. ఇంట్లో అయితే రాత్రి గరాజులో వదలకండి. పొద్దున్న గడ్డకట్టిన బూటులో వెచ్చటి పాదం పెడితే, అరగంట ప్రయాణంలో సగం వేడి బూటుని వేడెక్కించడానికే సరిపోతుంది. తోలు మీద ఉప్పు తెల్లగా కడితే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

ఓరుగల్లు_పెడల్ (చికాగో)
సెట్టింగుల సంగతి. రన్నింగ్ షూ సోల్, కొత్త బూటు సోల్, రెండూ పాదం బంతి కింద మందం కొలవండి. తేడా 10 మి.మీ. వస్తే సీటు 10 మి.మీ. పైకి లేపాలె, లేకుంటే మోకాలు ఎక్కువ వంగి నొప్పి వస్తది. ఐసు ఉన్న రోజుల కాలు తొందరగా నేలకు ఆనాలంటే లేపకుండ అట్లనే ఉంచుకునేటోళ్ళు కూడ ఉన్నరు, తక్కువ దూరానికి నడుస్తది.

తర్వాత సైకిల్‌ను గోడకు ఆనించి, బూటు వేసుకుని పెడల్ వెనుకకు తిప్పి చూడండి. మడమ చైన్‌స్టేకు (చైను పక్కన వెనుక చక్రం దాక పోయే ఫ్రేము కడ్డీ) తగలొద్దు, 5 మి.మీ. సందు ఉండాలె. చీలమండ దగ్గరి బొడిపె క్రాంకుకు రాసుకుంటుంటే పెడల్‌కూ క్రాంకుకూ నడుమ 1 మి.మీ. పెడల్ వాషరు ఒక్కటే వేయండి. రెండు మూడు వేస్తే మర తక్కువ పట్టి క్రాంకు పాడైతది. ఒకటితో సరిపోకపోతే 20 మి.మీ. పెడల్ ఎక్స్‌టెండర్ దొరుకుతది.

ఆఖరుకు హ్యాండిల్ పూర్తిగ తిప్పి, పెడల్ ముందుకు ఉన్నప్పుడు బూటు కొన మడ్‌గార్డ్‌కు తగులుతదేమో రెండు వైపులా చూడండి. లావు బూటు కొన ముందుకు పొడుచుకొస్తది, మెల్లగ మలుపు తిరిగేటప్పుడు కొత్త ఫ్లాప్‌ల ఇరుక్కుంటే ఐసు మీద పడుడే. తగులుతుంటే ఫ్లాప్ రెండు పక్కల పై మూలలు గుండ్రంగ కోసేయండి, కింద వెడల్పు అట్లనే ఉంచండి.